స్లీవ్ సర్జరీ తర్వాత నీళ్లు కూడా దిగని పేషెంట్: ఒక కేసు వివరంగా

నేను బేరియాట్రిక్ టీమ్‌లో డైటీషియన్‌ని. బరువు తగ్గే సర్జరీ తర్వాత వాంతులతో వచ్చేవాళ్లు మాకు కొత్త కాదు, చాలామందికి రెండు మూడు మాటల్లో పని అయిపోతుంది. ఈవిడ విషయంలో అలా కాలేదు. డైట్ డైరీ చక్కగా రాసుకొచ్చారు, చెప్పిన ఐటమ్సే తిన్నారు, కొలతలు కూడా సరిగ్గానే ఉన్నాయి, అయినా రోజూ వాంతులే. అందుకే ఈ కేసు మిగతా డైటీషియన్లకీ, కొత్తగా ఈ పనిలోకి వచ్చిన నర్సులకీ పనికొస్తుందని రాస్తున్నాను. ఆవిడ అనుమతి ఉంది. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

వయసు నలభైల్లో. నిలబడి చేసే ఉద్యోగం, మధ్యలో దొరికే విరామం పావుగంట, ఎక్కువలో ఎక్కువ ఇరవై నిమిషాలు. బీపీకి మందులు వాడుతున్నారు, అందులో ఒకటి మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది (ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది). చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. అంటే పొట్టలో సుమారు 75-80 శాతం తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా ఉంచుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా ఆ తీసేసిన దాంట్లోనే పోతుంది. కాబట్టి సర్జరీ అయిన కొత్తలో "ఆకలే వేయట్లేదండీ" అనేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు. శరీరం అడగదు, మనమే గడియారం చూసి పెట్టాలి.

ఆపరేషన్ బాగానే జరిగింది, పొట్ట కుట్టిన చోట లీక్ లేదు, జ్వరం లేదు, అనుకున్న రోజుకే ఇంటికెళ్లారు. మొదట పలుచటి ద్రవాలు, తర్వాత పాలు, వడకట్టిన సూప్ లాంటివి, ఆ తర్వాత మెత్తగా గ్రైండ్ చేసినవి. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. నెల దాటాక మెత్తటి ఆహారం మొదలుపెట్టారు. గొడవంతా అక్కడే మొదలైంది.

ఏ సమస్యతో వచ్చారు

మా దగ్గరికి వచ్చేసరికి వాంతులు మొదలై రెండు వారాలు దాటింది. తిన్న పది నిమిషాల్లో ఛాతీ మధ్యలో అడ్డం పడ్డట్టు ఉండటం, నోట్లో నీళ్లూరడం, తర్వాత నురగతో వాంతి. రోజుకి రెండుసార్లు, ఒక్కోరోజు మూడుసార్లు. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. మూత్రం చిక్కటి పసుపు, అదీ రోజుకి రెండు మూడుసార్లే. ఆవిడ మాటల్లో చెప్పాలంటే, "నీళ్లు తాగినా కూడా మింగుడు పడట్లేదు మేడమ్, అసలు తాగాలంటేనే భయమేస్తోంది."

ఇంకో సంగతి. బరువు మేము అనుకున్న దానికంటే వేగంగా తగ్గుతోంది, దానికి ఆవిడా ఇంట్లోవాళ్లూ సంతోషంగా ఉన్నారు! వాంతుల గురించి ముందే ఫోన్ చేయకపోవడానికి అదే కారణం. "ఎలాగూ తగ్గాలనే కదా చేయించుకుంది" అని ఇంట్లో అనుకున్నారట. ఈ మాట మా దగ్గర చాలామంది అంటారు. ఆ తగ్గుతున్న దాంట్లో కొవ్వు ఎంత, కండ ఎంత, ఒట్టి నీరు ఎంత అనేది తూకం మిషన్ చెప్పదు.

ముందు ఏది చూశాం, ఎందుకు

తినే తీరులో తేడా ఉందని నాకు మొదటి అరగంటలోనే అనుమానం వచ్చింది. కానీ అనుమానం ఉంది కదా అని నేరుగా కౌన్సెలింగ్‌లోకి దిగిపోతే ప్రమాదం. స్లీవ్ తర్వాత పొట్ట గొట్టం సన్నబడిపోయే అవకాశం ఉంది, ఎక్కువగా మధ్యలో వంపు తిరిగే చోట. అలాంటప్పుడు ఎంత నమిలినా, ఎంత మెల్లగా తిన్నా లాభం ఉండదు, బెలూన్‌తో వెడల్పు చేయాల్సి రావచ్చు. సాధారణంగా సన్నబడిన చోటు ఉంటే మొదట గట్టి పదార్థం ఆగుతుంది, తర్వాత మెత్తటివి, చివరికి నీళ్లు, ఉమ్మి కూడా దిగవు. అంటే రోజురోజుకీ ముదురుతుంది. ఈవిడకి అలా ఒక వరుస లేదు. అదే గుడ్డు పొద్దున వాంతి అవుతుంది, రాత్రి దిగుతుంది. సెలవు రోజుల్లో కాస్త నయం. ఇరుకు ఉంటే దానికి సెలవు రోజు ఏంటో తెలియదు కదా.

అయినా సరే సర్జన్ కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో కనబడే ద్రవం) తాగించి ఎక్స్‌రే, తర్వాత ఎండోస్కోపీ చేయించారు. నేనూ అదే అడిగాను. "తినడం రాక వాంతులు" అని ఒకసారి ఫైల్లో రాశాక, తర్వాత చూసేవాళ్లెవరూ ఇంకో కారణం వెతకరు. రెండు పరీక్షల్లోనూ ఇరుకు కనబడలేదు.

రిపోర్టుల కోసం ఆగకుండా చేసిన పని ఒకటుంది, థయమిన్ ఇవ్వడం. థయమిన్ అంటే బి1 విటమిన్. దాని నిల్వ మన ఒంట్లో చాలా తక్కువ, సరిగ్గా తినకుండా, వాంతులతో రెండు మూడు వారాలు గడిస్తే అడుగంటిపోతుంది. ఆ స్థితిలో గ్లూకోజ్ ఉన్న సెలైన్ ముందుగా ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, దాన్నే వెర్నికే ఎన్‌సెఫలోపతీ అంటారు. కళ్లు సరిగా తిరగకపోవడం, వస్తువులు రెండుగా కనబడటం, నడకలో తూలడం, మాటల్లో తికమక, వీటికోసం అడగాలి. ఈవిడకి అవేవీ లేవు, పాదాల్లో కొద్దిగా తిమ్మిరి మాత్రం ఉంది. అది దేనివల్లో అప్పుడే చెప్పలేం. రక్తపరీక్ష ఫలితం వచ్చేసరికి టైమ్ పడుతుంది, ఇస్తే నష్టం లేదు, ఇవ్వకపోతే నష్టం తిరిగిరానిది కావచ్చు. అందుకని ముందు థయమిన్ ఇంజెక్షన్, తర్వాతే సెలైన్. మూత్రం ఎక్కువగా పోయే ఆ బీపీ మాత్రని డాక్టర్ ఆపేశారు. కళ్లు తిరగడం రెండు రోజుల్లోనే తగ్గింది.

పనిచేయని ప్రయత్నాలు

ఒక మెట్టు వెనక్కి వెళ్లి మళ్లీ ద్రవాలు. వాంతులు వెంటనే ఆగాయి, అందరం ఊపిరి పీల్చుకున్నాం. మెత్తటి ఆహారం మళ్లీ మొదలుపెట్టగానే వాంతులూ మళ్లీ మొదలయ్యాయి. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు, ద్రవాలు తాగేటప్పుడు తినే తీరు మారే అవసరమే రాలేదు. పొట్టకి విశ్రాంతి దొరికింది, అంతవరకే.

ప్రొటీన్ లోటు పూడ్చడానికి పౌడర్ షేక్. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. సర్జరీకి ముందు ఆ షేక్ ఆవిడకి ఇష్టమే. ఇప్పుడు ఆ తీపి వాసనకే వికారం. సర్జరీ తర్వాత రుచి, వాసన మారిపోవడం చాలామందిలో చూస్తాం. పైగా "మందు తాగినట్టు ఒక్క గుక్కలో తాగేస్తే పోలా" అని పెద్ద గ్లాసుడు గబగబా తాగేవారు, వెంటనే బయటికి వచ్చేది.

రూల్స్ షీట్ మళ్లీ చదివి వినిపించడం. "బాగా నమలండి, మెల్లగా తినండి, తినేటప్పుడు నీళ్లు తాగకండి." ఆవిడకి అది కంఠతా వచ్చు. నేను ఒక రూల్ మొదలుపెడితే ఆవిడే పూర్తిచేశారు. సమాచారం తెలియనివాళ్లకి సమాచారం ఇవ్వాలి, తెలిసినవాళ్లకి మళ్లీ అదే ఇస్తే "నేనే సరిగ్గా చేయలేకపోతున్నా" అన్న టెన్షన్ పెరుగుతుంది.

ఈలోగా ఆవిడ సొంతంగా ఒక దారి కనిపెట్టుకున్నారు. బిస్కెట్లూ ఐస్‌క్రీమూ వాంతి అవ్వవని తేలింది. బిస్కెట్ నోట్లోనే పేస్టులా అయిపోయి జారిపోతుంది, ఐస్‌క్రీమ్ సంగతి చెప్పక్కర్లేదు. దిగేవి అవే కాబట్టి మెల్లగా రోజంతా అవే. డైరీలో అవి లేవు. దాచాలని కాదు, "భోజనం కాదు కదా" అని రాయలేదట. ఇది చాలా మామూలుగా జరిగే విషయం, తెలిసినవాళ్లు కంగారు పడరు, కానీ వదిలేస్తే కొన్ని నెలల్లో ప్రొటీన్ అందక జుట్టు, కండ పోతాయి, ఆ తర్వాత బరువు కూడా తిరిగొస్తుంది.

కూర్చోబెట్టి తినమన్నాం

అప్పుడు అడిగాను, రేపు మీ డబ్బా ఇక్కడికే తెచ్చుకుని నా ముందు తింటారా అని. ఇబ్బందిగా నవ్వి సరేనన్నారు.

ఉడికించి మెదిపిన గుడ్డు తెచ్చుకున్నారు. చెంచా పెద్దదే. మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నారు, నాలుగైదు సార్లు నమిలారు, మింగారు. మింగకముందే రెండో చెంచా నిండి గాల్లో ఉంది. మాట్లాడుతూనే ఉన్నారు, మాట ఆపకుండానే మింగుతున్నారు. మూడో చెంచాకి చిన్న ఎక్కిలి వచ్చింది. నాలుగో దానికి ముక్కు కారింది, రుమాలుతో తుడుచుకుని ఐదో చెంచా తీసుకున్నారు. ఏమైంది అంటే "ఏం లేదు, ఈమధ్య తింటే జలుబు చేసినట్టు ఉంటోంది" అన్నారు. డబ్బా ఖాళీ అయ్యేసరికి నాలుగు నిమిషాలు. అప్పుడు చేయి ఛాతీ మీదకి వెళ్లింది, మాట ఆగింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, వెంటనే బ్యాగులోంచి బాటిల్ తీసి రెండు గుక్కలు తాగారు. "తోసేద్దామని" అన్నారు. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పక్కర్లేదు.

వారాల తరబడి డైరీలు తిరగేసినా దొరకనివన్నీ ఆ కాసేపట్లో దొరికాయి. చెంచా సైజు, వేగం, "చాలు" అని పొట్ట ఇచ్చిన సైగలు రెండు (ఎక్కిలి, ముక్కు కారడం, సర్జరీ తర్వాత కడుపు నిండిందనడానికి చాలామందిలో ఇవే గుర్తులు, కొందరికి తుమ్ము, కొందరికి ఎడమ భుజం దగ్గర బరువు), వాటిని దాటి తినడం, చివర్లో ఇరుక్కున్న దాని మీద నీళ్లు పోయడం. సన్నటి గొట్టంలో ఇంకా దిగని ముద్ద పైన నీళ్లు చేరితే అవి కిందికి తోయవు, పైకే వస్తాయి. ఆవిడ ఇన్నాళ్లూ "నీళ్లు కూడా దిగట్లేదు" అన్నది ఇదే. నీళ్లు ఒక్కటే తాగితే దిగుతున్నాయి. ఆ తేడా మేము ఎవరం విడదీసి అడగలేదు, ఆవిడకీ తట్టలేదు.

వాంతి కావాలని చేసుకుంటున్నారా అని కూడా ఆరోజే, ఎవరూ లేనప్పుడు, నేరుగా అడిగాను. బరువు మీద అంత సంతోషం కనబడినప్పుడు అడగకుండా వదలకూడదు. లేదన్నారు, చూసినదాన్ని బట్టి నాకూ నమ్మబుద్ధేసింది.

నీళ్ల లెక్క

ఇది ఈ కేసులో నాకు బాగా గుర్తుండిపోయిన భాగం. భోజనానికి అరగంట ముందు నుంచి, తర్వాత అరగంట దాకా నీళ్లు తాగొద్దు అని షీట్‌లో ఉంది. రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెం తినమనీ ఉంది. ఆవిడ మాట తప్పే మనిషి కాదు. లెక్క వేయండి: ముందు అరగంట, తినడానికని పక్కన పెట్టుకున్న అరగంట, తర్వాత అరగంట, మొత్తం గంటన్నర. ఆరుసార్లకి తొమ్మిది గంటలు. మెలకువగా ఉండే పదహారు గంటల్లో ఏడే మిగిలాయి, అందులో సగం బాటిల్ ముట్టుకోవడానికి వీల్లేని డ్యూటీలో పోయాయి. రోజుకి అరలీటరు దాటితే గొప్ప. కావాల్సింది లీటరున్నర పైనే. రూల్స్ రెండూ దేనికది మంచివే, రెండూ కలిపి ఒక మనిషి రోజులో పెడితే చోటు చాలట్లేదు.

ఏది సడలించాలి? తిన్న తర్వాత అరగంట ఆగడం అనేదానికి కారణం స్పష్టంగా ఉంది, పైన చెప్పిందే. తినడానికి ముందు మాత్రం, ఖాళీ స్లీవ్‌లోంచి ఒట్టి నీళ్లు త్వరగానే కిందికి వెళ్లిపోతాయి. ఎక్కువమంది పాటించే మార్గదర్శకాలు కూడా తిన్న తర్వాత అరగంట ఆగమనే నొక్కి చెబుతాయి. అందుకని ముందు నిషేధం ఎత్తేశాం, కంచం ముందు కూర్చునేదాకా తాగొచ్చు. ఆరుసార్లని నాలుగు చేశాం. ఇప్పుడు నీళ్లకి మూసేసిన టైమ్ నాలుగు గంటలే. మిగతా పన్నెండు గంటల్లో గంటకి 125 మిల్లీలీటర్లు తాగినా లీటరున్నర అవుతుంది, అంటే చిన్న గుక్కలు ఎనిమిది. బాటిల్ మీద గంటలవారీగా గీతలు గీసుకున్నారు. చల్లటి నీళ్లు పట్టేసినట్టు ఉంటున్నాయంటే గోరువెచ్చగా తాగమన్నాం. కొందరికి సరిగ్గా దీనికి ఉల్టా ఉంటుంది, ఏది దిగితే అదే.

తినే తీరు

పెద్ద పథకం ఏమీ వేయలేదు. టీ చెంచా. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాక చెంచా కింద పెట్టేయాలి, మింగి ఒక నిమిషం అయ్యాకే మళ్లీ తీయాలి. ఇరవై, ముప్పై సార్లు నమలమని అంకె చెప్పి చూశాం, లెక్కపెడుతూ విసుక్కున్నారు, దాని బదులు "నోట్లో పలుకు తగలకూడదు" అంటే పట్టుకున్నారు. ఇరవై, ముప్పై నిమిషాలకి ఎంత అయితే అంతే, మిగిలింది పక్కన పెట్టేయడమే. ఎక్కిలి గానీ ముక్కు కారడం గానీ వస్తే అక్కడితో ఆపడం. ఇది కష్టమైంది. కంచంలో వదిలేయడం ఆవిడకి చేతకాదు, ఇంట్లోవాళ్లేమో "ఇంకొక్క ముద్ద" అంటారు. ఒకసారి వాళ్లనీ పిలిపించి, ఆ ఒక్క ముద్ద ఎక్కడ ఆగుతుందో బొమ్మ గీసి చూపించాం.

పొడిగా ఉండేవి, మళ్లీ వేడిచేసిన మాంసం పక్కన పెట్టాం, తడి ఆరిపోయి పీచు కడుతుంది, ఎంత నమిలినా ముద్ద కట్టి ఆగుతుంది. గుడ్డు, పెరుగు, మెత్తటి చేప, బాగా ఉడికించి తడిగా ఉంచిన చికెన్ కీమా. ముందు ప్రొటీన్, చోటు మిగిలితే మిగతావి. తీపి షేక్ తీసేసి రుచి లేని పౌడర్‌ని సూప్‌లో కలిపాం, మరీ మరిగే సూప్‌లో వేస్తే గడ్డకడుతుంది, కాస్త చల్లారాక వేయాలి. బిస్కెట్లు నిషేధించలేదు, డైరీలో రాయమన్నాం. అవి వాటంతట అవే తగ్గాయి, అసలు తిండి దిగుతుంటే వాటి అవసరం తగ్గింది.

మొదటి వారంలోనే వాంతులు చాలా తగ్గాయి. మళ్లీ పనిలో చేరాక మధ్యాహ్నం పూట తిరగబెట్టాయి. పావుగంట విరామంలో అరగంట భోజనం ఎలా పడుతుంది? గట్టి ప్రొటీన్ అయితే ఎక్కువసేపు కడుపు నిండుగా ఉంటుంది, పుస్తకం ప్రకారం మధ్యాహ్నం కూడా అదే ఇవ్వాలి. కానీ వాంతి చేసుకున్న చికెన్ కంటే కడుపులో నిలిచిన పెరుగు మేలు. డ్యూటీలో చిన్న కప్పు చిక్కటి పెరుగు, గట్టివి ఇంట్లో తినే మూడుపూటలకి. ఆ మార్పుతో మధ్యాహ్నం వాంతులు పోయాయి.

నేర్చుకున్నవి

మా డైరీ ఫారం మార్చాం. "ఏం తిన్నారు, ఎంత" అన్న రెండు గడుల పక్కన ఇప్పుడు ఎన్ని నిమిషాలు పట్టింది, దేనితో తిన్నారు, ఎందుకు ఆపారు, ఆ తర్వాత నీళ్లు ఎప్పుడు తాగారు అని ఉంది. "ఎందుకు ఆపారు" గడిలో "అయిపోయింది కాబట్టి" అని రాసుంటే వాళ్లని ముందు చూస్తాం. కంచంలో పెట్టుకున్నది కాకుండా లోపల నిలిచింది రాయమంటాం. ఈవిడ డైరీలో ప్రొటీన్ 60 గ్రాములు కనబడేది, వాంతి పోను అందులో సగం కూడా మిగిలి ఉండదు.

నీళ్లు దిగట్లేదని ఎవరన్నా "ఒట్టి కడుపున తాగినా దిగట్లేదా, తిన్నాక తాగితేనా" అని అడగాలి. మొదటిదైతే ముందు ఆ రోజే సర్జన్‌కి చూపించాలి, కౌన్సెలింగ్ సంగతి ఆ తర్వాతే. ఉమ్మి కూడా మింగలేకపోతున్నా, గుండె దడ, జ్వరం, కడుపునొప్పి ఉన్నా అంతే. వాంతులు రెండు వారాలు దాటితే థయమిన్ సంగతి ఎవరు గుర్తుచేయాలి అన్న వాదన పెట్టుకోకండి, డైటీషియన్ గుర్తుచేసినా ఎవరూ ఏమీ అనుకోరు.

మాత్రల విషయంలో ఇంకా కొంచెం తంటా పడుతూనే ఉన్నారు. కాల్షియం, ఐరన్ మధ్య కనీసం రెండు గంటల తేడా ఉండాలి, కాల్షియం సిట్రేట్ మాత్రలేమో పెద్దవి, ఒకటి అడ్డం పడ్డాక భయపడి మానేశారు. నమిలి మింగేవి ఇప్పించాం. పాదాల తిమ్మిరి పోయింది. మూడో నెల దాటాక జుట్టు ఊడటం మొదలైంది, వేగంగా బరువు తగ్గినవాళ్లలో అది వస్తుందనీ, ప్రొటీన్, ఐరన్ సరిగ్గా ఉంటే చాలావరకు తిరిగొస్తుందనీ ముందే చెప్పి ఉంచడం వల్ల కంగారు పడలేదు. ఆరు నెలలకి చేసిన పరీక్షల్లో ఐరన్ కాస్త తక్కువుంది, బి12 ఫర్వాలేదు, డోస్ సర్దాం. వేయించిన చికెన్ ఇప్పటికీ దిగదట. నెలకోసారి ప్రయత్నించి చూస్తున్నారు, మేము వద్దనలేదు.